ఏకగ్రీవంలో వాడ గొంతు ఎక్కడ? - చిత్తూరు పడమటి మండలాల నుంచి ఒక ప్రజాస్వామ్య చరిత్ర

బైరెడ్డిపల్లె, పలమనేరు, పుంగనూరు, కుప్పం వైపు పల్లెల్లో 'పంచాయితీ' అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి సర్కారు పంచాయితీ. దానికి ఒక ఆఫీసు, ఒక సర్పంచి, ఒక రిజిస్టరు ఉంటాయి. రెండోది 'పంచాయితీ పెట్టినారు' అన్నప్పటి పంచాయితీ. దానికి ఆఫీసు లేదు, రిజిస్టరు లేదు. రచ్చబండ ఉంది, పెద్దమనుషులున్నారు, 'తప్పు' కట్టించే అధికారం ఉంది. మొదటిది రాజ్యాంగం నుంచి వచ్చింది. రెండోది ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ అడగరు, అది ఎప్పటినుంచో ఉన్నట్టే అందరూ నడుచుకుంటారు.

ప్రజాస్వామ్యం గురించి మన విశ్వవిద్యాలయాల్లో చెప్పే చరిత్ర ఢిల్లీలో మొదలై ఢిల్లీలోనే ముగుస్తుంది. పార్లమెంటు, సుప్రీంకోర్టు, ఎన్నికల సంఘం, పత్రికలు - ఇవే సంస్థలు. 'పౌరులు' అంటే ఈ సంస్థలను కాపాడుకోవాల్సిన చదువుకున్నవాళ్ళు. ఈ చరిత్రలో మాలపల్లె, మాదిగపల్లె కనిపించవు. కనిపించినా సాయం పొందేవాళ్ళుగా కనిపిస్తాయి తప్ప సంస్థలను నిలబెట్టినవాళ్ళుగా కాదు. ఈ రెండు పంచాయితీల మధ్య నడిచిన చరిత్రను వాడవైపు నుంచి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం. అందుకు నేను పట్టుకున్న కొస 'ఏకగ్రీవం'.

రచ్చబండ, బొండకొయ్య

చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. ఉత్తర ఆర్కాటు నుంచి పలమనేరు, చిత్తూరు తాలూకాలు, కడప నుంచి మదనపల్లె, వాయల్పాడు, వీటితోపాటు పుంగనూరు, కంగుంది, కార్వేటినగరం, శ్రీకాళహస్తి వంటి జమీందారీలు కలిసి జిల్లా అయింది. కుప్పం ప్రాంతం కంగుంది జమీందారీ కింద ఉండేది. ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీ. అంటే ఇక్కడి ఊరి పాలనను మద్రాసు చట్టాలు తీర్చిదిద్దాయి.

ఆ చట్టాల్లో 1816 నాటి 11వ రెగ్యులేషన్ ఒకటి. దాని ప్రకారం తిట్లు, చిన్న కొట్లాటల వంటి కేసుల్లో గ్రామపెద్ద తప్పు చేసినవాణ్ణి చావిడిలో 12 గంటలకు మించకుండా ఉంచవచ్చు. ఆ తప్పు చేసింది 'కింది కులాల' వాడైతే 6 గంటల దాకా బొండకొయ్యలో బిగించవచ్చు. తప్పు ఒకటే, శిక్షలు మాత్రం రెండు రకాలు. కులవ్యవస్థను కాపాడింది శాస్త్రాలూ ఆచారాలూ మాత్రమే అనుకునేవాళ్ళు దీన్ని గమనించాలి. తెల్లదొరల ప్రభుత్వం ఊరి ఆధిపత్యాన్ని చట్టంలో రాసి, ముద్ర వేసి, గ్రామపెద్ద చేతిలో పెట్టింది.

ఆ తర్వాత వచ్చింది 1895 నాటి మద్రాసు వంశపారంపర్య గ్రామోద్యోగాల చట్టం. మునసబు కొడుకు మునసబు, కరణం కొడుకు కరణం. అదే పద్ధతిలో తలారి కొడుకు తలారి, వెట్టివాడి కొడుకు వెట్టివాడు. పై ఉద్యోగం వారసత్వంగా వచ్చిన ఇంట్లో భూమి లెక్కలు, శిస్తు, సంతకం ఉన్నాయి. కింది ఉద్యోగం వారసత్వంగా వచ్చిన ఇంట్లో పలక ఉంది. పలక వాయించి ఊరంతటినీ రచ్చబండకు పిలిచేది వాడ మనిషి. అందరూ వచ్చి కూర్చున్నాక దూరంగా నిలబడేదీ అతనే. పిలుపు అతనిది, తీర్పు వాళ్ళది. ఆ రచ్చబండ మీద తీసుకున్న నిర్ణయానికి 'ఊరంతా ఒక్కమాట' అని పేరు.

దీన్ని ఎదిరించే మాట కూడా మద్రాసులోనే పుట్టింది. 1924లో, బహిరంగ దారుల్లో నడవడానికి, బావులు, చావిళ్ళు వాడుకోవడానికి ఏ వర్గాన్నీ అడ్డుకోరాదని మద్రాసు శాసనమండలి తీర్మానించింది. శాసనమండలిలోకి నామినేట్ అయిన నిమ్నవర్గాల ప్రతినిధులు అడగకుండా ఇలాంటి తీర్మానాలు వాటంతటవే పుట్టలేదు. 1932 పూనా ఒడంబడికలో మద్రాసుకు 30 రిజర్వుడు స్థానాలు వచ్చాయి. అంటే ఓటు, సీటు అన్నవి మనకు 1950లో ఎవరో ఒక్కరోజులో దానం చేసినవి కావు. పట్టుబట్టి, వాదించి, బేరమాడి తెచ్చుకున్నవి.

అంబేద్కర్ భయం

గ్రామ పంచాయతీలకు అధికారాలివ్వాలన్న బిల్లు 1932లో బొంబాయి శాసనమండలిలో చర్చకు వచ్చినప్పుడు అంబేద్కర్ దాన్ని గట్టిగా ప్రశ్నించాడు. నిమ్నవర్గాలకు ప్రత్యేక ప్రాతినిధ్యం లేకుండా గ్రామానికి అధికారమివ్వడమంటే వాళ్ళను సవర్ణుల చేతికి అప్పగించడమేనని ఆయన వాదన. 1948 నవంబర్ 4న రాజ్యాంగసభలో ముసాయిదాను ప్రవేశపెడుతూ కూడా గ్రామాన్ని ఆదర్శంగా చూపేవాళ్ళను ఎదుర్కొన్నాడు. ఆయన ముసాయిదాకు వ్యక్తే ప్రమాణం, గ్రామం కాదు. అదే నెల 22న కె. సంతానం సవరణతో గ్రామ పంచాయతీల అంశం ఆదేశిక సూత్రాల్లో చేరింది. అదే నేటి 40వ అధికరణం.

ఈ చర్చను చాలామంది 'గాంధీ గ్రామం - అంబేద్కర్ నగరం' అని తేల్చేస్తారు. అంత తేలిక కాదు. అంబేద్కర్ అడిగింది ఒక సూటి ప్రశ్న: ఊరు ఒక్కమాట మీద నిలబడినప్పుడు ఆ మాట కాదన్నవాడికి రక్షణ ఏది? 1949 నవంబర్ 25న చేసిన ప్రసంగంలో రాజకీయ సమానత్వానికీ సామాజిక అసమానత్వానికీ మధ్య వైరుధ్యాన్ని ఆయన హెచ్చరించాడు. ఆ వైరుధ్యం పార్లమెంటు మెట్లమీద కంటే ముందు పల్లెలో, నామినేషన్ కాగితం నింపే చోట కనిపిస్తుంది.

పెట్టెలో పడ్డ కాగితం

1952 మొదటి సాధారణ ఎన్నికల్లో ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె పెట్టినారు. పెట్టెమీద గుర్తు. తెరచాటుకు వెళ్ళి తనకు నచ్చిన గుర్తున్న పెట్టెలో కాగితం వేయాలి. చదువు రానివాళ్ళ కోసం చేసిన ఏర్పాటు ఇది. ఆ తెర వెనక వెట్టివాడు, మునసబు ఒకే కొలతకు దిగినారు. ఊరి చరిత్రలో అలాంటి చోటు అంతకుముందు లేదు. చిత్తూరు లోక్‌సభ అప్పుడు ద్విసభ్య నియోజకవర్గం. అక్కడి షెడ్యూల్డ్ కులాల స్థానం నుంచి ఎం.వి. గంగాధర శివ పార్లమెంటుకు వెళ్ళాడు.

తెర వెనక సమానత్వం వచ్చినా చావిడిలో మునసబు కుర్చీ కదల్లేదు. రాజ్యాంగం వచ్చిన పదేళ్ళకు, 1960 డిసెంబర్ 6న, గాజుల దశరథరామారావు కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఒక తీర్పునిచ్చింది. తెనాలి తాలూకాలోని ఒక గ్రామ మునసబు పదవి గురించిన తగాదా అది. పుట్టుకను బట్టి గ్రామోద్యోగం ఇవ్వడం 16వ అధికరణానికి విరుద్ధమని, 1895 చట్టంలోని ఆ నిబంధన చెల్లదని కోర్టు చెప్పింది. ఒక పౌరుడు కోర్టు మెట్లెక్కకపోతే ఆ నిబంధన ఇంకా ఎన్నాళ్ళు ఉండేదో! తీర్పు వచ్చాక కూడా కుర్చీ పాత కుటుంబాలను వదలడానికి చాలాకాలం పట్టింది. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సుతో మునసబు, కరణం పదవులను రద్దు చేసింది. తర్వాత తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. బైరెడ్డిపల్లె మండల కేంద్రమైంది.

ఇక్కడే ఇంకొక విషయం చెప్పుకోవాలి. పలమనేరు శాసనసభ స్థానం 2008 డీలిమిటేషన్ దాకా చాలా ఏళ్ళు ఎస్సీ రిజర్వుడుగా ఉంది. బైరెడ్డిపల్లె దానిలోదే. అంటే ఆ ఏళ్ళలో హైదరాబాదు అసెంబ్లీలో ఈ ప్రాంతం తరఫున కూర్చున్నది దళితులే. అదే కాలంలో ఊళ్ళో రచ్చబండ మీద కూర్చున్నది ఎవరు? ఎమ్మెల్యే సీటు రిజర్వు అయినంత మాత్రాన ఊరి అరుగు రిజర్వు కాలేదు. ప్రతినిధిని పంపడం వేరు, పక్కన కూర్చోవడం వేరు.

సరిహద్దుకు అవతల ఉన్న కోలారు బంగారు గనుల చరిత్ర దీనికి పోలికగా పనికొస్తుంది. 1880ల నుంచి ఉత్తర ఆర్కాటు, చిత్తూరు ప్రాంతాల దళితులు ఆ గనుల్లోకి వలసపోయినారు. పని ప్రాణాంతకం. దుమ్ముతో ఊపిరితిత్తులు పోయేవి. అయినా అక్కడ మునసబు లేడు, పాలేరు అప్పు లేదు. కూలి నగదుగా వచ్చేది. ఆ నేలమీదే దళిత కార్మికులు సంఘాలు కట్టుకున్నారు, రిపబ్లికన్ పార్టీ తరఫున శాసనసభ్యులను గెలిపించుకున్నారు. 2001లో గనులు మూతపడ్డాయి. పొద్దున లేస్తే ఎవరి పొలంలోకి కూలికి పోవాలో ఆ ఆసామి చెప్పిన గుర్తును కాదనడానికి తెర ఒక్కటే చాలదన్నది ఆ చరిత్ర చెప్పే పాఠం. రహస్య ఓటు వెనక బతుకుతెరువు కూడా ఉండాలి.

రిజర్వేషన్ వచ్చింది, ఏకగ్రీవమూ వచ్చింది

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. పంచాయతీల్లో ఎస్సీ, ఎస్టీలకు జనాభా ప్రకారం, స్త్రీలకు మూడోవంతు తగ్గకుండా స్థానాలు. అంబేద్కర్ 1932లో అడిగిన షరతు 60 ఏళ్ళకు రాజ్యాంగంలో చేరింది. దీనితోపాటు రాష్ట్ర ఎన్నికల సంఘం అనే స్వతంత్ర సంస్థ కూడా 243-కె అధికరణం కింద పుట్టింది. 1994 ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం కింద 1995లో మొదటి ఎన్నికలు జరిగాయి.

కుర్చీ ఎక్కిన దళితుడికి ఏమవుతుందో పక్క రాష్ట్రం వెంటనే చూపించింది. మదురై జిల్లా మేలవళవులో రిజర్వుడు పంచాయతీకి అధ్యక్షుడైన మురుగేశన్‌ను, ఆయనతో ఉన్న మరికొందరు దళితులను 1997 జూన్ 30న బస్సు ఆపి నరికి చంపినారు. అదే జిల్లాలో పాప్పాపట్టి, కీరిపట్టి, నాట్టార్‌మంగళంలో 1996 నుంచి పదేళ్ళపాటు ఎన్నిక సరిగా జరగనివ్వలేదు. ఎవరైనా ఎన్నికైతే వెంటనే రాజీనామా ఇప్పించినారు. చివరకు 2006లో ప్రభుత్వం గట్టిగా నిలబడితే అక్కడ పంచాయతీలు నడిచాయి. అదే చట్టం, అదే రాజ్యాంగం. పదేళ్ళపాటు సంస్థ కళ్ళు మూసుకుంది, తెరిచిన రోజు పని జరిగింది.

మనవైపు కత్తి అంతగా అవసరపడలేదు. ఇక్కడ మెత్తని ఆయుధం ఉంది. దాని పేరు ఏకగ్రీవం. ఒకే నామినేషన్ మిగిలితే పోలింగ్ ఉండదు, పెట్టె ఉండదు, తెర ఉండదు. 'ఎవరూ వద్దు' అని చెప్పే నోటా కూడా ఉండదు. నోటాను ఒక అభ్యర్థిగా లెక్కించాలని మహారాష్ట్ర, హర్యానా ఎన్నికల సంఘాలు 2018లో ఆదేశించాయి. మనదగ్గర ఆ ఆలోచన బలపడలేదు.

పైగా ప్రభుత్వాలే దీనికి బహుమతి ప్రకటించాయి. గుజరాత్‌లో 'సమరస్' పేరుతో 2001 నుంచి ఉంది. తెలంగాణలో ఏకగ్రీవ పంచాయతీలకు 10 లక్షలన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2021 జనవరిలో, రెండువేల లోపు జనాభా ఉన్న పంచాయతీకి 5 లక్షల నుంచి పదివేలు దాటినదానికి 20 లక్షల దాకా ప్రకటించినారు. లెక్క వేసి చూడండి. రెండువేల మందికి 5 లక్షలంటే తలకు 250 రూపాయలు. అయిదేళ్ళ పాలన మీద మాట్లాడే హక్కుకు ఏడాదికి 50 రూపాయలు. ఓటుకు నోటు తీసుకున్నాడని వాడ మనిషిని తిట్టే పెద్దలు, ఊరంతటి ఓటును ఒకేసారి కొనే ఈ పద్ధతిని 'సామరస్యం' అంటారు.

2021: సంస్థ నిలబడిన చోటు, తడబడిన చోటు

ఆ సంవత్సరం ఎన్నికల చరిత్ర ఈ చర్చకు చాలా ముఖ్యం. 2020 మార్చిలో స్థానిక ఎన్నికలను కరోనా కారణంగా రాష్ట్ర ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేశ్‌కుమార్ వాయిదా వేశాడు. ఏప్రిల్ 10న ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి కమిషనర్ పదవీకాలాన్ని మూడేళ్ళకు కుదించి, ఆయన్ను తప్పించింది. మే 29న హైకోర్టు ఆ ఆర్డినెన్సును కొట్టేసింది. 2021 జనవరి 25న ఎన్నికలు ఆపడానికి సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఫిబ్రవరి 9 నుంచి 21 దాకా నాలుగు విడతల్లో పంచాయతీ ఎన్నికలు జరిగాయి.

మొదటి విడతలోనే రాష్ట్రంలో అయిదువందల పైచిలుకు సర్పంచి పదవులు ఏకగ్రీవమయ్యాయి. చిత్తూరు, గుంటూరు జిల్లాల్లో ఏకగ్రీవాలు అసాధారణంగా ఉన్నాయని, వాటి ఫలితాలను ప్రకటించకుండా ఆపి నివేదిక ఇవ్వాలని కమిషన్ ఆ కలెక్టర్లను ఆదేశించింది. ఈ ప్రాంతానికి చెందిన ఒక మంత్రిని ఎన్నికలయ్యేదాకా ఇంటికే పరిమితం చేయాలని కూడా ఉత్తర్వు ఇచ్చింది. హైకోర్టు ఆ ఉత్తర్వులోని గృహనిర్బంధాన్ని కొట్టేసింది. అది న్యాయమే. సంస్థ కూడా చట్టానికి లోబడి ఉండాలి. మార్చిలో మునిసిపల్ ఎన్నికలప్పుడు, బెదిరింపుల వల్ల నామినేషన్ వేయలేకపోయామన్న వారికి కొన్ని వార్డుల్లో మరో అవకాశమివ్వాలని కమిషన్ చూస్తే, అదీ హైకోర్టులో నిలవలేదు. పుంగనూరు మునిసిపాలిటీలో వార్డులన్నీ ఏకగ్రీవమయ్యాయి. పులివెందుల, మాచర్ల, పిడుగురాళ్ళ కూడా అంతే.

ఇది ఒక పార్టీ కథ అనుకుంటే పొరపాటు. 2025 ఆగస్టులో పులివెందుల జెడ్పీటీసీ ఉపఎన్నిక వచ్చేసరికి ఆరోపణలు చేసినవాళ్ళు, పడినవాళ్ళు స్థానాలు మార్చుకున్నారు. అధికారం మారింది, పద్ధతి మారలేదు. రెండు వైపులా పెద్దలవే గొంతులు. వాడ గొంతు రెండు కాలాల్లోనూ లెక్కలోకి రాలేదు.

పై సంఘటనల్లో మనం నేర్చుకోవాల్సింది ఒకటుంది. నామినేషన్ గడువు దాటి, ఒక్కరే మిగిలి, ఎన్నికైనట్టు పత్రం చేతికిచ్చాక, ఎంత మంచి కమిషన్ అయినా, ఎంత మంచి కోర్టు అయినా చేయగలిగింది తక్కువ. సంస్థకు ఆధారం కావాలి. ఆ ఆధారాన్ని పౌరుడు అదే రోజు, అదే చోట కాగితం మీద పెట్టాలి. కులధ్రువీకరణ పత్రం ఆపినారా, పన్ను బకాయి లేదన్న కాగితం ఇవ్వలేదా, బలపరిచేవాణ్ణి ఎత్తుకుపోయినారా - ఆ పూటే రాతపూర్వక ఫిర్యాదు, దానికి రశీదు. సంస్థ పౌరుణ్ణి కాపాడుతుందని ఎదురుచూడటమూ, సంస్థలన్నీ బూటకమని పక్కన పెట్టడమూ రెండూ పెద్దలకే లాభం.

'గొడవలెందుకు' అనేవాళ్ళకు

ఏకగ్రీవాన్ని సమర్థించేవాళ్ళు చెప్పేది కొట్టిపారేయాల్సింది కాదు. రాయలసీమలో ఎన్నికంటే ముఠా తగాదా, కొట్లాట, అప్పు. ఊరు రెండుగా చీలితే ముందు దెబ్బ తగిలేది వాడకే. ఇది నిజం. అయితే గొడవకు కారణం ఓటా, లేక ఓటును ఒప్పుకోలేని ఆధిపత్యమా? తనకు పోటీ ఉండకూడదనుకునేవాడి కోపానికి మందు ఎదుటివాణ్ణి పోటీ నుంచి తప్పించడమా?

'రిజర్వుడు పంచాయతీలో ఏకగ్రీవమైతే దళితుడే కదా సర్పంచి' అని ఇంకో వాదన. దళితుడే. కానీ ఎవరు ఎంచిన దళితుడు? వాడలో పదిమంది పోటీపడి గెలిచినవాడు వాడకు జవాబు చెప్పాలి. పెద్దమనుషులు కూర్చుని 'నువ్వే' అని వేలు చూపినవాడు ఆ వేలికి జవాబు చెప్పాలి. సంతకం అతనిదే, చెక్కు మీద నిర్ణయం వేరేవాళ్ళది. పలక అతని చేతిలో పెట్టి పిలుపు తమదిగా ఉంచుకున్న పాత ఏర్పాటే ఇది.

చట్టం ఈ విషయాన్ని గుర్తించింది. 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి చేసిన సవరణ 2016 జనవరి 26న అమల్లోకి వచ్చింది. నామినేషన్ వేయకుండా బెదిరించడం, వేసినదాన్ని ఉపసంహరింపజేయడం, ప్రతిపాదించేవాణ్ణి అడ్డుకోవడం, పంచాయతీ పదవిలో ఉన్న దళితుణ్ణి విధులు చేయకుండా ఆపడం, ఎన్నిక తర్వాత సాంఘిక బహిష్కరణ పెట్టడం - ఇవన్నీ ఇప్పుడు 3(1) సెక్షన్ కింద నేరాలు. ఎల్, ఎమ్, ఎన్ క్లాజులు చదివి పెట్టుకోండి. ఏకగ్రీవాల గురించి ఇంత చర్చ జరిగినా, ఈ క్లాజుల పేరు చాలా తక్కువగా వినిపించింది.

చట్టం దానంతటది ఊళ్ళోకి నడిచిరాదు. చుండూరును గుర్తుచేసుకుందాం. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపినాక, బాధితులు, దళిత మహాసభ, బొజ్జా తారకం వంటి న్యాయవాదులు పట్టుబట్టి ప్రత్యేక కోర్టును చుండూరులోనే పెట్టించుకున్నారు. 2007 జులై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. గెలుపు, ఓటమి రెండూ ఆ చరిత్రలో ఉన్నాయి. కానీ కోర్టును ఊరికి రప్పించింది మాత్రం పౌరులే, అదీ వాడ పౌరులు. ప్రజాస్వామ్యాన్ని నిలబెట్టినవాళ్ళ జాబితా ఎవరైనా రాస్తే అందులో వాళ్ళ పేర్లు ముందుండాలి.

చేయాల్సిన పని

'గ్రీవం' అంటే మెడ. ఏకగ్రీవం అంటే ఊరందరికీ ఒకే మెడ. ఆ మెడ ఎవరిదో, ఆ గొంతులోంచి ఎవరి మాట వస్తోందో అడగడం మన చరిత్రకారుల పని. రాజ్యాంగం మనకు ఒక్కొక్కరికీ ఒక్కొక్క గొంతు ఇచ్చింది.

ఈ చరిత్రకు ఆధారాలు గ్రంథాలయాల్లో తక్కువ. గెలిచినవాళ్ళ పేర్లు రికార్డుల్లో ఉంటాయి. నామినేషన్ వేసి వెనక్కి తీసుకున్నవాళ్ళ పేర్లు, వేయడానికి బయలుదేరి దారిలోనే తిరిగొచ్చినవాళ్ళ కథలు వాడల్లో పెద్దోళ్ళ నోట్లోనే ఉన్నాయి. బైరెడ్డిపల్లె, వెంకటగిరికోట, పెద్దపంజాణి, గంగవరం, కుప్పం వైపు చదువుకుంటున్న విద్యార్థులు, అక్కడ పనిచేసే టీచర్లు ఒక్కొక్క పంచాయతీని తీసుకోండి. 1995 నుంచి ఎన్నిసార్లు పోలింగ్ జరిగింది? ఎన్నిసార్లు ఏకగ్రీవమైంది? రిజర్వుడు అయినప్పుడు ఏమైంది, జనరల్ అయినప్పుడు ఎవరైనా దళితుడు నామినేషన్ వేశాడా? ఉపసంహరణ కాగితాల నకళ్ళు సమాచార హక్కు కింద అడగండి. పెద్దోళ్ళ మాటలు రికార్డు చేసి, వాళ్ళ అనుమతితో, వాళ్ళకు హాని రాకుండా రాసిపెట్టండి.

ఆ నోటుపుస్తకాలు నిండితే, వచ్చే ఎన్నికకు నామినేషన్ గది ముందు నిలబడే మనిషి ఒంటరిగా ఉండడు. అతని వెనక ఒక చరిత్ర, చేతిలో ఒక చట్టం, పక్కన నలుగురు సాక్షులు ఉంటారు. పలక వాయించి అందరినీ పిలిచినవాడు అరుగు మీద కూర్చుని 'నేను ఒప్పుకోను' అనగలిగిన రోజు మన రెండు పంచాయితీలు ఒకటవుతాయి.